భవనాల శక్తి దక్షత: ఒక కొలత పుట్టిన కథ

ఒక మోటారు సైకిలు లీటరు పెట్రోలుకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందో మన విద్యార్థులు తడుముకోకుండా చెప్పగలరు. పంపుసెట్టు గంటకు ఎంత నీరు తోడుతుందో రైతుకు తెలుసు. కాని మీరు కూర్చున్న ఈ పాఠశాల భవనం తనకు అందిన శక్తిని పొదుపుగా వాడుకుంటున్నదా, దుబారా చేస్తున్నదా అని అడిగితే జవాబు చెప్పడం కష్టం. కరెంటు బిల్లు నెలనెలా వస్తూనే ఉంటుంది. ఆ బిల్లు ఎక్కువో తక్కువో దేనితో పోల్చి చెప్పాలి? పోయిన నెలతో పోల్చుదామంటే అప్పటి ఎండలు వేరు. పక్క భవనంతో పోల్చుదామంటే దాని వైశాల్యం వేరు, అందులోని మనుషులు వేరు.

దక్షత అనే మాటకు భౌతికశాస్త్రంలో స్పష్టమైన అర్థం ఉన్నది. యంత్రం చేసిన పనిని, దానికి ఇచ్చిన శక్తితో భాగిస్తే వచ్చేదే దక్షత. మరి భవనం చేసే పని ఏమిటి? అది బరువు ఎత్తదు, బండి లాగదు. లోపల ఉన్నవారికి చలి, ఉక్క లేకుండా చూస్తుంది. చదువుకొనడానికి వెలుతురు ఇస్తుంది. ఈ సుఖాన్ని జౌళ్ళలో కొలిచే సాధనం ఇంతవరకు ఎవరూ తయారు చేయలేదు. అందువల్ల శాస్త్రజ్ఞులు చుట్టుదారి పట్టవలసి వచ్చింది. భవనాన్ని దానివంటి మరొక భవనంతో, లేదా మునుపటి దానితోనే పోల్చాలి. పోల్చే ముందు వాతావరణం వల్ల, పరిమాణం వల్ల, మనుషుల వల్ల వచ్చే భేదాలను వేరుచేయాలి. ఈ వేరుచేయడంలోనే చరిత్ర అంతా ఉన్నది.

మొదట వేరుపడినది వాతావరణం. 1878లో సర్ రిచర్డ్ స్ట్రాచీ అనే ఆయన, ఇండియాలో చాలాకాలం ఉద్యోగం చేసినవాడు, ఒక నియమిత ఉష్ణోగ్రతకు పైన ఎంత వేడి ఎన్నాళ్ళు కొనసాగిందో కూడి లెక్కకట్టే పద్ధతిని వివరించాడు. అది పైరుల ఎదుగుదలను గురించిన లెక్క. తరువాత ఇరవయ్యో శతాబ్దపు మొదటి భాగంలో అమెరికాలోని గ్యాసు కంపెనీలవారు అదే లెక్కను తలక్రిందులు చేసి ఇళ్ళకు వర్తింపజేశారు. అక్కడ శీతకాలంలో ఇంటిని వేడిచేయడానికి గ్యాసు మండిస్తారు. బయటి సగటు ఉష్ణోగ్రత 65 ఫారన్‌హీట్ డిగ్రీలకు, అనగా సుమారు 18 సెంటీగ్రేడు డిగ్రీలకు, దిగితేనే గ్యాసు వాడకం మొదలవుతున్నదనీ, అక్కడి నుండి ఎన్ని డిగ్రీలు దిగితే వాడకం ఆ నిష్పత్తిలో పెరుగుతున్నదనీ వారు గమనించారు. ఒక రోజు సగటు ఉష్ణోగ్రత 10 డిగ్రీలైతే, 18 లో నుండి 10 తీసివేయగా ఆ రోజుకు 8 'డిగ్రీ-దినాలు'. చలికాలం పొడుగునా ఇలా కూడితే ఆ ఏటి చలి ఒక్క సంఖ్యలోకి వస్తుంది. కంపెనీవారికి దీనితో కావలసినది వచ్చే వారం ఎంత గ్యాసు సరఫరా చేయాలన్నదే. ఇల్లు మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్న వారికి అక్కరలేదు; వాడకం ఎక్కువైతే వారికి అమ్మకం ఎక్కువ.

ఆ ప్రశ్న అడగవలసిన అవసరం 1973 అక్టోబరులో వచ్చింది. అరబ్బు దేశాలు అమెరికా మొదలైన దేశాలకు చమురు ఎగుమతి ఆపివేశాయి. కొద్ది నెలల్లోనే ధర సుమారు నాలుగు రెట్లయింది. ఆ నవంబరులో ఒక శుక్రవారం రాత్రి, కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఆర్థర్ రోజెన్‌ఫెల్డ్ అనే పరమాణు భౌతికశాస్త్రజ్ఞుడు ఇంటికి బయలుదేరుతూ తన అంతస్తులోని ఇరవై గదుల దీపాలు ఆర్పుదామనుకున్నాడు. ఈయన ఎన్రికో ఫెర్మీ శిష్యుడు. ఆ వారాంతం దీపాలన్నీ అలాగే వెలిగితే ఒక్కొక్క గదికి 5 గాలన్ల ఇంధనం ఖర్చవుతుందని ఆయన లెక్క. అప్పటివరకు ఎవరూ ఆర్పిన పాపాన పోలేదు కాబట్టి, స్విచ్చులు బీరువాల వెనుక, పుస్తకాల అరల వెనుక, గోడపటాల క్రింద మరుగుపడి ఉన్నాయి. వాటిని వెదకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నూరు గాలన్లు మిగిలాయి. పరమాణు కణాలను వెదికే మనిషి స్విచ్చులను వెదకవలసి రావడం కొంత వింతే. కాని ఆయన ఆ మరుసటి ఏడు నుండి కణాలను వదలి భవనాల వెంట పడ్డాడు.

ఇదే కాలంలో, నిజానికి చమురు సంక్షోభానికి ఒక ఏడాది ముందే, 1972లో, న్యూజెర్సీ రాష్ట్రంలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం వారు ఒక పరిశోధన మొదలుపెట్టారు. దానికి నాయకుడు రాబర్ట్ సాకొలో. ఆయన కూడా భౌతికశాస్త్రజ్ఞుడే. విశ్వవిద్యాలయానికి కొద్ది మైళ్ళ దూరంలో ట్విన్ రివర్స్ అనే పేరుతో సుమారు మూడువేల ఇళ్ళ కొత్త కాలనీ వెలసింది. అందులో అధికభాగం ఒకదానికొకటి గోడ ఆనించి వరుసగా కట్టిన రెండంతస్తుల ఇళ్ళు. నక్షా ఒకటే, కట్టిన వారు ఒకరే, ఇటుకా సున్నమూ కూడా ఒకటే. ప్రతి ఇంటికీ గ్యాసు మీటరు వేరు. ప్రయోగశాలలో ఎంత ఖర్చుపెట్టినా అన్ని ఒకే తీరు నమూనాలు దొరకవు. ఇక్కడ బిల్డరు తయారుచేసి పెట్టాడు!

మీటర్ల లెక్కలు తీసి చూసేసరికి పరిశోధకులకు మొదటి ఆశ్చర్యం కలిగింది. ఒకే నక్షా, ఒకే వైశాల్యం, ఒకే దిక్కు గల ఇళ్ళలో కూడా అందరికన్న ఎక్కువ గ్యాసు కాల్చే ఇల్లు, అందరికన్న తక్కువ కాల్చే ఇంటికి రెండింతలకు పైగా కాలుస్తున్నది. అంటే నక్షా చూసి ఇంటి వాడకాన్ని చెప్పబూనడం, పాఠశాల పేరు చూసి విద్యార్థికి మార్కులు వేయడం వంటిదన్న మాట.

ఈ తేడా ఇళ్ళదా, ఇళ్ళలోని మనుషులదా? ఈ ప్రశ్నకు రాబర్ట్ సాండరెగ్గర్ అనే పరిశోధకుడు చూపిన ఉపాయం చాలా తేలికైనది. కొన్ని ఇళ్ళలో పాతవారు వెళ్ళిపోయి కొత్తవారు కాపురం చేరారు. మరికొన్నిట్లో పాతవారే ఉన్నారు. లోపం గోడలలోనో, కొలిమిలోనో ఉన్నదనుకోండి. మనుషులు మారినా, ఎక్కువ కాల్చే ఇల్లు ఎక్కువే కాల్చాలి. లోపం మనుషుల అలవాట్లలో ఉంటే, కొత్తవారు రాగానే ఆ ఇంటి స్థానం మారిపోవాలి. 1978లో ప్రకటించిన ఫలితం ప్రకారం, ఇళ్ళ మధ్య తేడాలో సగానికి కొంచెం ఎక్కువ భాగం గదుల సంఖ్య, అద్దాల వైశాల్యం, వరుసలో చివరి ఇల్లు కావడం వంటి కంటికి కనిపించే కారణాల వల్ల వచ్చినదే. మిగిలిన దానిలో ఎక్కువ పాలు మనుషులది. కాపురం మారిన ఇళ్ళ స్థానాలు నిజంగానే తారుమారైనాయి.

మనుషుల పాత్ర తేలిన తరువాత మనస్తత్వ శాస్త్రజ్ఞులు కూడా ఈ పనిలో చేరారు. సెలిగ్మన్, డార్లీ అనే ఇద్దరు 29 ఇళ్ళను ఎంచుకొని, వాటిలో కొందరికి మాత్రం, మీ వాడకం అంచనాకు ఎంత పైన ఉన్నదో, ఎంత క్రింద ఉన్నదో చెప్పే అంకెను వారానికి నాలుగు రోజులు కంటికి కనబడేటట్లు చూపించారు. అది వేసవి, ఇళ్ళను చల్లబరచడానికి కరెంటు వాడుతున్నారు. ఒక నెలలో ఆ ఇళ్ళవారు మిగతావారి కంటె 10.5 శాతం తక్కువ కరెంటు వాడారు. మరొక ప్రయోగంలో వంటింట్లో ఒక నీలి దీపం అమర్చారు. బయటి గాలి చల్లబడిన తరువాత కూడా లోపల ఎయిర్ కండిషనర్ నడుస్తుంటే అది మినుకు మినుకు మంటుంది. యంత్రం ఆపి కిటికీ తెరిస్తే చాలునని దాని అర్థం. ఈ దీపం వల్ల సుమారు 16 శాతం ఆదా అయింది. మీటరు అనేది ఇంటి వెలుపల గోడకు వేలాడుతూ నెలకొకసారి ఉద్యోగి వచ్చి చూసేది కావడం ఎంత నష్టమో ఈ రెండు ప్రయోగాలు చెప్పకనే చెప్పాయి.

అయితే ట్విన్ రివర్స్ కథలో అన్నిటికంటె ముఖ్యమైనది అటకను గురించినది. అక్కడి ఇళ్ళలో పై అంతస్తు కప్పుకూ, వాలుగా ఉండే ఇంటి పైకప్పుకూ నడుమ ఖాళీ చోటు ఉంటుంది. దానినే అటక అందాము. గదుల కప్పు మీద, అనగా అటక నేలమీద, వేడిని బయటికి పోనివ్వని గాజు దూది పరచి ఉంటుంది, ఇది ఉష్ణబంధకం. పై కప్పుకు మాత్రం అంత రక్షణ లేదు. ఇప్పుడు విద్యార్థులు ఒక చిన్న లెక్క ఆలోచించాలి. వేడి ముందు మందమైన అడ్డును దాటి, తరువాత పలుచని అడ్డును దాటి బయటికి పోతున్నది. రెండు అడ్డుల నడుమ ఉష్ణోగ్రత ఎలా ఉండాలి? రెండు విద్యున్నిరోధాలను శ్రేణిలో కలిపినప్పుడు వోల్టేజి ఎక్కువ భాగం పెద్ద నిరోధం దగ్గరనే పడిపోతుంది కదా. అలాగే ఉష్ణోగ్రత కూడా గాజు దూది దగ్గరనే పడిపోవాలి. అందువల్ల శీతకాలంలో అటక దాదాపు బయటంత చల్లగా ఉండాలి.

ఉష్ణమాపకాలు పెట్టి చూస్తే అటక అలా లేదు. లెక్కకు అందనంత వెచ్చగా ఉన్నది. అంటే గాజు దూదిని దాటకుండా మరొక దారిన వేడి పైకి చేరుతున్నది. యాన్ బేయా, గౌతమ్ దత్ మొదలైన వారు ఆ దొంగదారిని వెదికి పట్టుకున్నారు. నేలమాళిగలోని కొలిమి నుండి పొగగొట్టం ఇంటి నడుమగా అటక దాకా పోతున్నది. దాని చుట్టూ వదలిన ఖాళీ పైన మూత లేకుండా అటకలోకి తెరుచుకొని ఉన్నది. రెండిళ్ళకు ఉమ్మడిగా ఉన్న సిమెంటు దిమ్మెల గోడ వెంబడి కూడా సందులున్నాయి. వెచ్చని గాలి తేలిక కనుక ఈ సందులగుండా పొగ లేచినట్లు లేచి అటకలో చేరుతున్నది. ఈ దారిన పోయే వేడిని కూడా కలుపుకుంటే, అటకకు పోయే నష్టం పాఠ్యపుస్తకాల లెక్క చెప్పిన దానికి అనేక రెట్లు తేలింది.

దీని పర్యవసానం ఆలోచించండి. సంక్షోభం రాగానే ప్రతివారూ ఇచ్చిన సలహా ఒకటే: అటకలో ఇంకొంచెం గాజు దూది పరచుకోండి. కుండకు చిల్లి ఉండగా మూతను మందం చేసినట్లు, సందులు మూయకుండా ఎంత దూది పరచినా ఆ గాలి ఆగదు. ఇంటి యజమానులు సొమ్ము పెడతారు, బిల్లు తగ్గదు, ఆ పైన శాస్త్రం మీద నమ్మకం పోతుంది. నక్షాలో ఈ సందులు ఎక్కడా గీసి ఉండవు. కొలత లేకుంటే అవి ఎన్నటికీ బయటపడేవి కావు.

గాలి పోకడను కొలవడానికి కూడా వారు మంచి పద్ధతులు వాడారు. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే వాసన లేని వాయువును ఇంట్లో కొద్దిగా వదలి, అది గంటగంటకు ఎంత పలుచబడుతున్నదో చూస్తే ఇంటి గాలి ఎంత వేగంగా మారుతున్నదో తెలుస్తుంది. 1977 ప్రాంతంలో స్వీడన్‌లో మరొక సాధనం వాడుకలోకి వచ్చింది. కిటికీకో, గుమ్మానికో పెద్ద పంఖా బిగించి ఇంటి గాలిని బయటికి తోడి, లోపలికీ వెలుపలికీ 50 పాస్కళ్ళ పీడన భేదం నిలపాలి. అందుకు ఎంత గాలి తోడవలసి వచ్చిందో అదే ఇంటి చిల్లుల కొలత. ప్రిన్స్‌టన్ వారు ఈ పంఖానూ, పరారుణ కిరణాలతో ఫొటో తీసే కెమెరానూ వెంటబెట్టుకొని ఇంటింటికీ వెళ్ళే నిపుణులకు 'ఇళ్ళ డాక్టర్లు' అని పేరు పెట్టారు. సాధారణమైన మరమ్మతులతో ట్విన్ రివర్స్ ఇళ్ళలో గ్యాసు సుమారు నాలుగో వంతు తగ్గింది. ఫ్రాంక్ సిండెన్ పట్టుబట్టి బాగుచేసిన ఒక ఇంటిలో వేడికయ్యే ఖర్చు మూడింట రెండు వంతులు తగ్గింది.

తగ్గిందని ఎలా చెప్పగలరు? ఆ ఏడు చలి తక్కువేమో! ఈ సందేహానికి 1986లో అదే విశ్వవిద్యాలయానికి చెందిన మార్గరెట్ ఫెల్స్ ఒక పద్ధతిని సమగ్రంగా ప్రకటించింది. దానికి కావలసినవి నెలవారీ బిల్లులు, ఆయా రోజుల ఉష్ణోగ్రతలు మాత్రమే. గ్రాఫు కాగితం మీద అడ్డంగా బయటి ఉష్ణోగ్రతను, నిలువుగా రోజుకు అయిన గ్యాసును గుర్తించాలి. వేసవి నెలల చుక్కలు ఒక సమాంతరరేఖపై పడతాయి. అది వంటకు, వేన్నీళ్ళకు అయ్యే ఖర్చు. ఒక ఉష్ణోగ్రత దగ్గర రేఖ విరిగి, చలి పెరిగేకొద్దీ ఏటవాలుగా పైకి పోతుంది. విరిగిన చోటు, వేడిచేయడం మొదలయ్యే ఉష్ణోగ్రత. ఇది లోపల కోరుకొనే ఉష్ణోగ్రత కంటె తక్కువగానే ఉంటుంది. ఎందుకంటే దీపాలు, పొయ్యి, ఎండ, ఒక్కొక్కరు సుమారు నూరు వాట్ల వేడినిచ్చే మనుషులు ఇంటిని కొంత వెచ్చబరుస్తూనే ఉంటారు. ఇక రేఖ వాలు, ఒక డిగ్రీకి ఇల్లు పోగొట్టుకొనే వేడికి గుర్తు. ఈ మూడు అంకెలతో, వాతావరణం సగటుగా ఉన్న ఏటిలో ఆ ఇల్లు ఎంత వాడుతుందో గుణించి, మరమ్మతుకు ముందూ వెనుకా పోల్చవచ్చు. పదవ తరగతి విద్యార్థి చేయగల లెక్క ఇది.

ఇళ్ళను వదలి ఆఫీసులు, ఆసుపత్రులు, హోటళ్ళు వంటి పెద్ద భవనాలకు వస్తే ట్విన్ రివర్స్‌లో దొరికిన కవలలు దొరకవు. ఇక్కడ వాడుకలోకి వచ్చిన కొలత, ఏడాదికి ఒక చదరపు మీటరుకు ఎన్ని యూనిట్లు అన్నది. కాని రాత్రింబగళ్ళు పనిచేసే ఆఫీసునూ, సాయంత్రం తాళం వేసే ఆఫీసునూ ఈ ఒక్క అంకెతో తూచితే మొదటిదానికి అన్యాయం జరుగుతుంది. 1999లో అమెరికా ప్రభుత్వం భవనాలకు 1 నుండి 100 వరకు స్కోరు ఇవ్వడం మొదలుపెట్టింది. దేశమంతటా 1979 నుండి జరుపుతూ వచ్చిన భవనాల సర్వే దానికి ఆధారం. పని గంటలు, ఉద్యోగుల సంఖ్య, వాతావరణం మొదలైనవి చెబితే, అటువంటి భవనం సాధారణంగా ఎంత శక్తి వాడుతుందో లెక్కకట్టి, దానితో అసలు వాడకాన్ని పోలుస్తారు. 75 గాని, అంతకు పైగాని వస్తే గుర్తింపు ముద్ర దొరుకుతుంది. ఇది పరీక్ష మార్కు కాదు, వరుసలో స్థానం. 75 అంటే నూటికి 75 భవనాల కంటె మెరుగు అని మాత్రమే. తరగతి అంతా మొద్దబ్బాయిలే అయితే మొదటివాడు కూడా మొద్దబ్బాయే కావచ్చు.

కొలత వచ్చిన తరువాత తగవులు కూడా వచ్చాయి. ఇంగ్లండులో 1995 నుండి 2002 వరకు, బాగున్నాయని పత్రికలలో మెప్పు పొందిన కొత్త భవనాలను మళ్ళీ వెళ్ళి కొలిస్తే, అనుకున్న దానికి రెట్టింపు శక్తి వాడటం తరచుగా కనబడింది. అమెరికాలో పర్యావరణ ధ్రువపత్రం పొందిన భవనాలను గురించి 2008లో వెలువడిన ఒక నివేదిక, అవి సాధారణ భవనాల కంటె 25 నుండి 30 శాతం తక్కువ శక్తి వాడుతున్నాయని చెప్పింది. అర్హమైన 552 భవనాలలో లెక్కలు ఇచ్చినవి 121 మాత్రమే. జాన్ స్కోఫీల్డ్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు 2009లో అవే అంకెలను తీసుకొని, విద్యుత్తు తయారీలో ఖర్చయ్యే ఇంధనాన్ని కూడా కలిపి చూస్తే ఆదా ఏమీ లేదని వాదించాడు. అవే అంకెలు రెండు జవాబులు ఎలా ఇస్తాయి? ఒక కారణం, సగటు తీసే తీరు. నూరు చదరపు మీటర్ల చిన్న భవనం ఏటా 5,000 యూనిట్లు వాడుతుందనుకుందాము. చదరపు మీటరుకు 50. పదివేల చదరపు మీటర్ల పెద్ద భవనం 20 లక్షలు వాడుతుంది. చదరపు మీటరుకు 200. ఈ రెండు అంకెల సగటు 125. కాని మొత్తం యూనిట్లను మొత్తం వైశాల్యంతో భాగిస్తే 199 వస్తుంది. గనిలోని బొగ్గుకు తెలిసేది రెండో లెక్కే. నా మటుకు స్కోఫీల్డ్ పట్టుదల న్యాయమైనదే అనిపిస్తుంది.

మన దేశంలో 2001లో ఇంధన పొదుపు చట్టం వచ్చింది; 2007లో పెద్ద వాణిజ్య భవనాలకు నియమావళి వెలువడింది; 2014 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దానిని తన పరిస్థితులకు అనువుగా మార్చుకొని చేపట్టింది. అసలు వాడకాన్ని బట్టి ఆఫీసులకు నక్షత్రాలు ఇచ్చే పద్ధతి 2009లో మొదలైంది. ఆ తొలి పట్టికలో, సగానికి పైగా చోటును యంత్రాలతో చల్లబరచే ఆఫీసు హైదరాబాదు వంటి మిశ్రమ వాతావరణంలో ఏటా చదరపు మీటరుకు 90 యూనిట్ల కంటె తక్కువ వాడితే ఐదు నక్షత్రాలు. విశాఖపట్నం వంటి ఉక్కపోత ప్రాంతానికి ఆ హద్దు 100. జనరేటరుతో తయారుచేసుకొన్న కరెంటు కూడా లెక్కలోకి వస్తుంది.

మనకు కొలిమి బాధ లేదు, ఎండ బాధ ఉన్నది. బర్క్‌లీలో రోజెన్‌ఫెల్డ్ నెలకొల్పిన పరిశోధక సంప్రదాయం హైదరాబాదు దాకా వచ్చింది. అక్కడి ప్రయోగశాల వారూ, ఇక్కడి పరిశోధకులూ కలిసి నగర ప్రాంతంలోని రెండు భవనాల డాబాలకు తెల్లపూత వేయించి, ముందూ వెనుకా కరెంటును కొలిచారు. 2012లో ప్రకటించిన ఫలితం ఇది: నల్లని డాబాను తెల్లగా చేస్తే ప్రతి చదరపు మీటరు కప్పుకూ ఏడాదికి 20 నుండి 22 యూనిట్లు, మామూలు సిమెంటు డాబాను తెల్లగా చేస్తే 13 నుండి 14 యూనిట్లు మిగులుతాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది.

ఉపాధ్యాయులకు ఆసక్తి ఉంటే, పాఠశాల బిల్లులు పన్నెండు నెలలవి తెచ్చి, విద్యార్థుల చేత గదులను టేపుతో కొలిపించి, చదరపు మీటరుకు ఎన్ని యూనిట్లో కట్టించవచ్చు. పక్క ఊరి పాఠశాలవారు కూడా అదే చేస్తే రెండు అంకెలు చేతికి వస్తాయి. కంప్యూటర్ల గది ఎవరికున్నది, పంపు ఎవరిది, సాయంకాలం తరగతులు ఎవరు నడుపుతారు అన్న తగవు అప్పుడు మొదలవుతుంది.